మార్గిళి కాన్పు: చలికీ సళికీ నడుమ

మా చిన్నమ్మాయికి డాక్టరమ్మ చెప్పిన తేదీ డిసెంబరు ఆఖరులో పడింది. ఆ మాట తెలిసినప్పటి నుంచి ఇంట్లో రెండు పార్టీలు తయారైనాయి. మా అక్క “మార్గిళి కాన్పా? బిడ్డను కాపాడుకునేది చానా కష్టం” అనింది. మా ఇంటామె “ఎండాకాలం కంటే ఎంతో మేలు. బిడ్డకు చెమటకాయలు రావు, కరెంటు పోయినా భయం లేదు” అనింది. మా పెద్దమ్మాయికి 2012 మే నెలలో కాన్పయింది. ఆ ఏడాది తమిళనాడులో కరెంటు కోతలు ఎట్లా ఉండినాయో ఇక్కడివాళ్లకు చెప్పే పని లేదు. రాత్రంతా విసనకర్రతో విసిరిన మనిషి ఆ మాట అనడంలో తప్పు లేదు.

నేను ఇద్దరి నడుమ కూర్చొని వింటా ఉంటే ఒక సంగతి కనిపించింది. ఆ ఆడవాళ్ల మాటల్లో సగం మా అల్లుడికి అర్థం కాలేదు. ఆయనది బాపట్ల పక్క, ఇంట్లో తెలుగే. అయినా బాణంతనం, తొట్లు, పచ్చి ఒళ్లు అంటే మొహం చూస్తాడు. కాన్పు మాటలు బడి పుస్తకాల్లో ఉండవు. ఇంటి లోపలి గదిలో అవ్వ నోటి నుంచి కూతురి చెవికి పోయే మాటలు. అందుకే మా తట్టు తెలుగులో పాతవీ, పక్క భాషలవీ ఎక్కువ కలిసి మిగిలింది అక్కడే. చలికాలం కాన్పులో మంచేమి, చెడేమి అని రాస్తూనే ఆ మాటలు కూడా చెప్తాను. అందులో ఒక మాట తప్పుగా వినబడినందుకు మా ఇంట్లో ఒక బిడ్డ పోయేంత పని అయింది. అది మధ్యలో వస్తుంది.

ముందు ఊరి సంగతి. హోసూరు సముద్రమట్టానికి దగ్గర దగ్గర 2900 అడుగుల ఎత్తులో ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 14, 15 డిగ్రీలకు దిగడం మామూలే. బాగలూరు, బేరికె, తళి తట్టు పల్లెల్లో ఇంకా ఎక్కువ. ఢిల్లీ చలితో పోలిస్తే ఇదేమి చలి అనొచ్చు. కానీ మా పల్లె ఇళ్లు చలి కోసం కట్టినవి కావు. పెంకుల సందుల్లో గాలి, కింద బండలు. పెద్దవాళ్లు కంబళి కప్పుకుంటే సరిపోతుంది, అప్పుడే పుట్టిన బిడ్డకు సరిపోదు.

ఇక మార్గిళి అంటే ఏమి? తెలుగు పంచాంగం మార్గశిరం కాదు. చాంద్రమానం మార్గశిరం ఒక్కో ఏడు నవంబరు ఆఖరుకే మొదలవుతుంది. మా మార్గిళి తమిళుల సౌరమాసం, డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై సంక్రాంతికి ముందు రోజుతో ముగుస్తుంది. మిగతా తెలుగువాళ్లు ధనుర్మాసం అనేది దీన్నే. మేము ఉగాది తెలుగు పంచాంగం చూసి చేస్తాము, నెలలు మాత్రం తమిళ క్యాలెండరు చూసి చెప్తాము. మా అమ్మ నన్ను “మార్గిళిలో, వైకుంఠ ఏకాదశి అయిన మూడో నాడు కన్నాను” అనేది. కర్నూలు పక్క మా బంధువులు అది విని నేను మార్గశిరంలో పుట్టినానని రాసుకున్నారు. పాత పంచాంగం తీసి లెక్క వేస్తే అది 1960 జనవరి రెండో వారం, తెలుగు లెక్కలో పుష్యమాసం.

చలికాలంలో పుట్టిన నష్టం నాకు బడిలో కూడా తగిలింది. బడులు జూన్‌లో తెరుస్తారు. 1964 జూన్‌కు నాకు నాలుగేళ్ల అయిదు నెలలే. అయ్యవారు బిడ్డను వెనక్కి పంపకుండా ఒక పని చేసినారు. పుట్టిన తేదీ 1-6-1959 అని రాసుకున్నారు. మా క్లాసులో సగం మందిది అదే తేదీ! తరువాత బ్యాంకులో ఖాతా ఫారాలు చూసేటప్పుడు జూన్ ఒకటో తేదీ పుట్టినరోజులు లెక్కలేనన్ని కనిపించేవి. వాళ్లంతా నిజంగా ఏ నెలల్లో పుట్టినారో అని నవ్వుకునేవాణ్ని. నెల ఒకటో తేదీన పుట్టినవాడు ముందు నెల ఆఖరి రోజునే రిటైరు కావాలి కాబట్టి నేను 2019 మే 31న ఇంటికి వచ్చినాను. అమ్మ లెక్క ప్రకారమైతే ఇంకా ఏడు నెలలకు పైగా జీతం వచ్చేది. ఇప్పుడు ఆసుపత్రిలోనే జనన నమోదు అయిపోతుంది, ఈ బాధ లేదు.

సరే, కాన్పు మంచికి వస్తాను.

పాతకాలంలో చలికాలం కాన్పులో పెద్ద మంచి ఇంట్లో గింజ ఉండడమే. కార్తీకం, మార్గిళిలో రాగులు కోతకొస్తాయి. కోసి, కుప్ప వేసి, కళంలో తొక్కిస్తారు. తెలుగులో కళ్ళం, తమిళంలో కళం, కన్నడంలో కణ. ఆ కాలాన్నంతా మా తట్టు సుగ్గి అంటారు, ఇది కన్నడం వాళ్లకూ అనంతపురం వాళ్లకూ కూడా తెలిసిన మాట. సుగ్గి అయిన ఇంట్లో బాలెంతకు కడుపు నిండా తిండి దొరుకుతుంది. పశువులకు పచ్చి మేత ఉంటుంది, పాలు ఉంటాయి. అదే వైశాఖంలో కాన్పయితే గాదె అడుగు కనిపించే కాలం.

కానీ ఇందులోనూ ఒక మెలిక ఉంది. సంక్రాంతి తరువాత కాన్పయితే ఇంట్లో ఆడవాళ్లకు తీరిక. సంక్రాంతికి ముందైతే అందరూ కళంలో ఉంటారు, బాలెంత దగ్గర కూర్చునేదానికి ముసలామె ఒక్కతే. మా అమ్మకు నా కంటే ముందు ఒక ఆడబిడ్డ. అట్లా సుగ్గి నడుమ పుట్టింది, తొమ్మిదో నాడు పోయింది. “చలికి పోయింది” అని అంతే చెప్పేది అమ్మ. అంతకు మించి ఎవరూ అడగలేదు.

బాలెంత అనే మాట మిగతా తెలుగు నాట బాలింత. కన్నడంలో బాణంతి, ఆ మూడు నెలల సంరక్షణ బాణంతనం. మా ఆడవాళ్లు మనిషిని తెలుగులో బాలెంత అంటారు, సంరక్షణను కన్నడంలో బాణంతనం అంటారు. “బాణంతనానికి పుట్టింటికి వచ్చిండాది” అంటే ఇక్కడ ఎవరికీ వింత కాదు.

కొత్తగా కన్న ఆమెను పచ్చి బాలెంత అంటాము. కన్నడంలో హసి బాణంతి. తమిళంలో పచ్చ ఒడంబు, అంటే పచ్చి ఒళ్లు. మూడు భాషలవాళ్లూ కన్నతల్లి ఒంటిని ఇంకా ఆరని పచ్చి వస్తువుగానే చూసినారు. బిడ్డ మాటా అంతే. మనకు పసిబిడ్డ, కన్నడంలో హసుగూసు, తమిళంలో పచ్చిళం కుళందై. తెలుగు, తమిళంలో ప ఉన్నచోట కన్నడంలో హ రావడం తెలిసిందే. పాలు హాలు అయినట్టు పసి హసి అయింది. పచ్చిది కాబట్టి గాలి తగలకూడదు, చల్లనీళ్లు తగలకూడదు, కారం కూడదు అనే ఆంక్షలన్నీ ఆ ఒక్క మాటలో నుంచే వచ్చినాయని నాకనిపిస్తుంది.

ఆంక్షల్లో అన్నిటికంటే కఠినమైనది చలికాలంలోనే. మార్గిళి అంటే అనపకాయల కాలం. మంచు పడిన అనపకాయల వాసన ఇంటినిండా ఉంటుంది. నానబెట్టి, తోలు పితికి తీసిన పప్పును మా తట్టు పితికిపప్పు అంటాము, కన్నడం వాళ్లు హితికిద బేళె అంటారు. ఇక్కడ కూడా అదే ప, హ. ఇంటిల్లిపాదీ పితికిపప్పు పులుసుతో రాగిముద్ద తింటా ఉంటే బాలెంతకు మాత్రం మిరియాల చారు, తెల్లగడ్డ కారం. అనపకాయ వాయువు, బిడ్డకు కడుపునొప్పి అని పెట్టరు. మా ఇంటామె ఈ సంగతి ఇప్పటికీ చెప్పి బాధపడుతుంది. ఆమెకు దక్కింది సబ్బసిగె ఆకు. కోస్తాలో సోయాకూర అంటారే, అది. పాలు పడతాయని కర్ణాటకలో, మా తట్టు బాలెంతకు తప్పక పెడతారు. చలికాలంలో లేతగా దొరుకుతుంది.

చెడ్డ ఆంక్ష ఒకటుంది, నీళ్లు. పచ్చి ఒంటికి నీరు చేరుతుందని బాలెంతకు తాగే నీళ్లు కొలిచి ఇచ్చేవాళ్లు. చలికి దాహం తెలియదు కాబట్టి ఆమె కూడా అడగదు. పాలిచ్చే తల్లికి నీళ్లు ఎక్కువే కావాలి. ఇది ఇప్పటికీ కొన్ని ఇళ్లలో నడుస్తా ఉంది, మానుకోవాల్సిన పని.

నీళ్లంటే ఇంకో కథ. మా తట్టు స్నానం చేయడాన్ని నీళ్లు పోసుకోవడం అంటాము. రాయలసీమలోనూ అంతే. అమ్మాయికి పురుటి స్నానం అయిన రోజు వియ్యపురాలికి ఫోన్ చేసి “వదినగారూ, ఈ పొద్దు అమ్మాయి నీళ్లు పోసుకునింది” అని సంతోషంగా చెప్పినాను. అవతల ఒక్క నిమిషం మాట లేదు. తరువాత “అన్నయ్యగారూ, అప్పుడే మళ్లీనా!” అని ఒకటే నవ్వు. కోస్తాలో నీళ్లోసుకుంది అంటే కడుపుతో ఉందని అర్థమని నాకు తెలియక కాదు, ఆ సమయానికి తట్టలేదు.

నవ్వులాటకు పోయింది కాబట్టి సరే. ఇంకో మాట అట్లా పోలేదు.

1979 మార్గిళిలో మా అక్క తొలి కాన్పుకు పల్లెకు వచ్చింది. మంత్రసాని చేతి మీదనే కాన్పు. మొగబిడ్డ, కొంచెం చిన్నగా ఉన్నాడు. పుట్టిన వెంటనే నీళ్లు పోసినారు, అప్పటి పద్ధతి. నాలుగో నాడు బిడ్డ ఏడవడం తగ్గించినాడు. పాలు సరిగా చప్పరించలేదు, పాదాలు చల్లగా ఉండినాయి. మా అవ్వ బిడ్డను ఒళ్లో పెట్టుకొని బస్సెక్కి పక్క ఊరి ఆసుపత్రికి పోయింది. తోడు నేను, పందొమ్మిదేళ్లవాణ్ని.

డాక్టరు దక్షిణ జిల్లాల నుంచి కొత్తగా వచ్చినాయన, తెలుగు రాదు. 1956లో రాష్ట్రాలు విడగొట్టినప్పుడు హోసూరు మద్రాసులోనే ఉండిపోయింది. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో తమిళం, పల్లె ఇళ్లలో తెలుగు, కన్నడం. మా అవ్వకు తమిళం సంత బేరానికి సరిపడేంతే వచ్చు. ఆమె “అయ్యా, బిడ్డకు చళి, చళి పట్టిండాది” అనింది. మన చలి మా నోట కన్నడం వాళ్ల మాదిరి చళి అనే వస్తుంది. తమిళంలో సళి అంటే జలుబు, గొంతులో గళ్ళ. రెండు మాటలూ చుట్టాలని చూడగానే తెలుస్తుంది, కానీ అర్థాలు వేరైపోయినాయి. తమిళంలో చలికి కుళిర్ అనాలి. డాక్టరు “సళియా?” అని అడిగినారు. అవ్వ “ఔను, చళి” అని తల ఊపింది. ఆయన గుండెకు గొట్టం పెట్టి విని, గురగుర ఏమీ లేదు, భయపడొద్దని చెప్పి జలుబుకు చుక్కల మందు రాసిచ్చినారు.

నాకు రెండు భాషలూ బాగా వచ్చు. బడిలో చదివింది తమిళమే. నేను ఆ బల్ల పక్కనే నిలబడి ఉన్నాను. ఇద్దరూ ఒకే మాట అంటున్నారు కాబట్టి ఒకే సంగతి మాట్లాడుతున్నారని అనుకున్నాను.

ఇంటికి వచ్చి మందు వేసినాము. సాయంకాలానికి బిడ్డ ఇంకా మెత్తబడినాడు. అప్పుడు మంత్రసాని చూడ వచ్చింది. ఆమె అడిగింది ఏమీ లేదు. పాదాలు ముట్టి చూసింది, తరువాత చెయ్యి కడుపు మీద పెట్టింది. “కడుపు కూడా చల్లబడింది కదమ్మా” అని గుడ్డలన్నీ ఊడదీసి, బిడ్డను అక్క రవికె లోపల ఒంటికి ఒళ్లు తగిలేటట్టు పెట్టి, పైన రెండు కంబళ్లు కప్పింది. రాత్రంతా అట్లే. చుక్క చుక్కగా పాలు పిండి పెట్టినారు. తెల్లవారుజామున బిడ్డ ఏడ్చినాడు. ఆయన ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తాడు, ఇద్దరు బిడ్డల తండ్రి.

డాక్టరును తప్పు పట్టను, అవ్వనూ పట్టను. ఆ రోజు తెలియక ఆ మంత్రసాని చేసిందే ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో కంగారూ పద్ధతి పేరుతో చేస్తారు. అది 1978లో కొలంబియా దేశంలో, బొగోటా నగరంలో, ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి.

ఇప్పుడు డాక్టర్లు చెప్పేది అర్థం చేసుకుంటే పాత మాటలు కూడా తేటపడతాయి. పుట్టిన బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల నడుమ ఉండాలి. మనకు చలేస్తే వణుకుతాము, వణుకులో వేడి పుడుతుంది. పసిబిడ్డ అట్లా వణకలేడు. ఒంట్లో ఉండే కొంచెం ప్రత్యేకమైన కొవ్వును కరిగించుకొని వేడి తెచ్చుకుంటాడు. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో, లేదా నెలలు నిండక పుట్టినవాడికి ఆ కొవ్వూ తక్కువే. తడి ఒళ్లు అన్నిటికంటే త్వరగా చల్లబడుతుంది. అందుకే పుట్టిన వెంటనే తుడిచి తల్లి ఒంటికి ఆనించాలి, స్నానం కనీసం 24 గంటలు ఆపాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది.

చలి పట్టిందా లేదా అని చూడడం మంత్రసాని చూసినట్టే. కడుపూ పాదాలూ రెండూ వెచ్చగా ఉంటే బిడ్డ బాగున్నట్టు. కడుపు వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే చలి మొదలైనట్టు, వెంటనే తల్లి ఒంటికి ఆనించాలి. రెండూ చల్లగా ఉంటే ఆనించుకొని, అట్లే ఆసుపత్రికి పోవాలి. పాలు మానేసినా, మెత్తబడినా ఇంట్లో కూర్చోకూడదు.

చలికాలంలో పాతవాళ్లు చేసే పనుల్లో ప్రమాదమైనది కుంపటి. తమిళంలో కుముట్టి అడుప్పు అంటారు. తలుపులు, కిటికీలు మూసిన పురిటి గదిలో బొగ్గుల కుంపటి పెడితే వచ్చే విషవాయువుకు వాసన లేదు, రంగు లేదు. తల్లీ బిడ్డా నిద్రలోనే పోయే ప్రమాదం ఉంది. దాని మీద సాంబ్రాణి వేస్తే ఆ పొగ బిడ్డ ఊపిరికి చెరుపు. ముక్కులో, చెవిలో నూనె వేయడం కూడా వద్దంటారు, ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. కుంపటితో మంచి పని ఒకటే చూసినాను. మార్గిళి మంచుకు బిడ్డ గుడ్డలు ఆరవు. ఇంటి బయట వరండాలో కుంపటి పెట్టి, పైన వెదురు గంప బోర్లించి, దాని మీద తడి గుడ్డలు పరిచేవాళ్లు. ఆరిపోయి వెచ్చగా చేతికొచ్చేవి. ఇప్పుడు ఇస్త్రీపెట్టె ఉంది.

జలుబు భయం నిజమే. చలికాలంలో ఇంట్లో పెద్దవాళ్లకు వచ్చే మామూలు జలుబే పసిబిడ్డకు ఊపిరాడని జబ్బు కావచ్చు. సంక్రాంతికి చుట్టాలు వస్తారు, ప్రతివాళ్లూ బిడ్డను ఎత్తుకోవాలంటారు. మా అమ్మాయి తలుపు దగ్గరే సబ్బు పెట్టించింది. దగ్గుతో ఉన్నవాళ్లను గదిలోకి రానీయలేదు. కొందరికి కోపం వచ్చింది. రానీ.

మా మనుమరాలు డిసెంబరు 27న పుట్టింది, 2 కిలోల 600 గ్రాములు. అక్క ఆసుపత్రికి వచ్చి, తొట్లు పక్కన నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా ముందు పాదాలు ముట్టింది, తరువాత కడుపు మీద చెయ్యి పెట్టింది. తమిళం నర్సమ్మ వచ్చి ఏమ్మా అని అడిగితే “కుళిరు, బిడ్డకు కుళిరు తగలకుండా చూడండి” అనింది. మా అక్క ఇంట్లో ఏనాడూ కుళిరు అనదు, చళి అనే అంటుంది. ఆసుపత్రిలో మాత్రం ఈ నలభై ఏళ్లుగా ఆ మాట మార్చి చెప్తా ఉందని నాకు అప్పుడు తెలిసింది.

బరంపురం, షోలాపూరు, యానాం తట్టువాళ్లు బిడ్డ ఒళ్లు చల్లబడితే ఇంట్లో ఏమంటారు, ఆసుపత్రిలో ఏమంటారు? రెండూ వేరుగా ఉంటే రెండూ రాయండి.